తెల్ల టీలో ముప్పై శాతం చెత్త

లక్ష్మీనారాయణ శెట్టి చేతివేళ్లకు ఆదోని పత్తి యార్డులో ఒక హోదా ఉంది. నలభై ఏళ్లపాటు ఆయన గుప్పెడు పత్తి తీసి, బొటనవేళ్ల మధ్య పెట్టి, పోగు పొడవు తెలిసేలా పింజ లాగి చూసి, "తేమ ఎక్కువ, ఆకు ఎక్కువ, పొగరు ఎక్కువ" అని తేల్చేవారు. మొదటి రెండూ పత్తి గురించి. మూడోది పత్తి తెచ్చిన ఆసామి గురించి. మూడింటికీ తూకంలో తరుగు తీసేవారు.

ఇప్పుడు యార్డు పని కొడుకు భరత్ చూసుకుంటున్నాడు. శెట్టిగారి వేళ్లకు పని తప్పింది. పని తప్పిన వేళ్లు ఊరుకోవు కదా, ఎవరో ఒకరి పనిలో వేలు పెట్టాలి. ఇంట్లో దొరికింది కోడలు వాసవి.

వాసవి పెళ్లికి ముందు మూడేళ్లు బెంగళూరులో టీ ఆకులమ్మే పెద్ద కొట్లో పనిచేసింది. ఇంటి ముందరి ఖాళీ గదిలో అలాంటి కొట్టే పెడతానంది. పొడి కాదు, పొట్లాలు కాదు, తోటతోటకూ వేరుగా తెచ్చిన విడి ఆకు. ఆ మాట విని శెట్టిగారు కాసేపు సీలింగు ఫ్యానును చూశారు.

"టీ అంటే రెండే రకాలు గదమ్మా. సక్కెర ఏసింది, సక్కెర ఏయనిది."

"మరి వన్ బై టూ?" అన్నాడు భరత్.

"అది రకం కాదురా, పిసినారితనం."

ఆ గది కోసం ఫోన్ కవర్లమ్మే తిరుపాల్ అప్పటికే నాలుగుసార్లు వచ్చి నలభై సార్లు నవ్వి వెళ్లాడు. శెట్టిగారు కోడలికి ఒక గడువు పెట్టారు. "మనూరోళ్లు మొగమాటానికి కొంటారు. పొరుగూరోడు కొంటేనే బేరం. శుక్రవారం సాయంత్రం లోపల ఒక్క బయటి ఆర్డర్ తే, గది నీది. లేకుంటే శనివారం పొద్దున తిరుపాల్‌కు తాళం ఇచ్చేస్తా. నా మాట అంటే మాటే."

వాసవి వెదికి వెదికి ఎమ్మిగనూరులో ఒక రవికుమార్‌ను పట్టుకుంది. ఆయనది చేనేత చీరల దుకాణం. తెల్ల నూలు చీర పెట్టెలో చిన్న డబ్బాడు తెల్ల టీ పెట్టి ఇస్తే పట్నం వాళ్లు మురిసిపోతారని ఆయన ఆలోచన. "శుక్రవారం పదకొండుకు రామ్మా. రుచి చూసి, నచ్చితే ఆ పొద్దే ఆర్డర్ రాస్తా" అన్నాడు.

బుధవారం సాయంత్రం వాసవి ఐదు డబ్బాలు బల్ల మీద పెట్టి ఇంట్లోనే రిహార్సల్ చేసింది. పాలు లేవు, చక్కెర లేదు. శెట్టిగారు వాకిట్లో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటించారు. పేపరు తలకిందులుగా ఉంది.

"రండి మామా, మీ పేపర్లో వార్తలన్నీ శీర్షాసనం వేసినాయి" అంది వాసవి.

మొదటిది అస్సాం. బ్రహ్మపుత్ర ఒడ్డు నుంచి వచ్చింది. గిన్నెలో ఎర్రగా, బరువుగా, వేయించిన ధాన్యం వాసనతో ఉంది. శెట్టిగారు ఒక గుక్క తాగి తల ఊపారు. "ఈ అస్సాం గట్టి ఆసామి. పాలు పోసినా లొంగడు."

రెండోది డార్జిలింగ్. ఇది పల్చగా, బంగారు రంగులో ఉంది.

"ఛాయ లేని చాయ్ ఏం చాయమ్మా?"

"వాసన చూడండి. ఇది చలి పోయినాక మొదటి చిగురు తెంపి చేసింది. పూల వాసన. అదే తోటలో ఎండాకాలం తెంపింది అయితే ద్రాక్షపండు వాసన వస్తాది."

శెట్టిగారి కనుబొమలు లేచాయి. "అంటే మన పత్తికి మొదటి తీత, రెండో తీత ఉన్నట్లా?"

"అచ్చం అట్లే."

"మరి ముందే సెప్పొద్దా! ఇంతసేపూ నాకు తెలీని భాషలో మాట్లాడతాంటివి."

అక్కడి నుంచి ఆయనకు ప్రశ్నల జ్వరం పట్టుకుంది. నీలగిరి టీ చల్లారినా ఎందుకు మబ్బు పట్టదు? పచ్చ టీ, నల్ల టీ ఒకే చెట్టువా? ఒకే చెట్టువేనని, ఆకును తెంపాక ఎంతసేపు వాడనిచ్చి, నలిపి, గాలికి రంగు తిరగనిస్తారనే దాన్ని బట్టే రకాలు మారుతాయని వాసవి చెబితే, ఆయన కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కున్నారు. సగమే రంగు తిరిగిన దాన్ని ఊలాంగ్ అంటారంది. "నేను జన్మంతా పత్తి అమ్మితి, నువ్వు ఊలు తెచ్చినావా?" అన్నారు. హోటళ్లలో వాడేది ఎక్కువగా డస్టు అని విన్నప్పుడు మాత్రం నిజంగా నొచ్చుకున్నారు. "మేము దుమ్ముకు తరుగు తీస్తిమి. వీళ్లు దుమ్ము అని పేరే పెట్టి అమ్ముతాండారా! ఆ ధైర్యం మాకు రాలేదే."

ఐదోది తెల్ల టీ. దాన్ని వాసవి తెరవలేదు. నీలగిరి కొండల మీద ఒక చిన్న తోట నుంచి తెప్పించిన డబ్బా. ఉన్నది ఆ ఒక్కటే, రవికుమార్‌కు చూపించాల్సిందీ అదే. "ఇది నలపరు, వేయించరు మామా. తెంపి ఊరికే ఆరబెడతారు. శుక్రవారం తాగుదురుగాని."

శుక్రవారం దాకా ఆగమని శెట్టిగారికి చెప్పడం, పిల్లి ముందు పాలు పెట్టి పంచాంగం చదవడం ఒకటే. గురువారం మధ్యాహ్నం వాసవి అట్టపెట్టెలు కొనడానికి బజారుకు వెళ్లింది. ఆయన ఐదో డబ్బా మూత తీశారు. చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

గోధుమరంగు ఆకుల మధ్య సన్నటి పుల్లలు. వాటి నిండా తెల్లటి నూగు.

ఆదోనిలో పత్తి సీజన్‌లో దూది పడని వస్తువు ఉండదు. గింజలు తీసే జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరి వచ్చి తలమీద వాలుతుంది, సాంబారులో తేలుతుంది, పెళ్లికొడుకు మీసం మీద కూర్చుని అతన్ని ముసలివాణ్ణి చేస్తుంది. కాబట్టి ఆ నూగు చూడగానే ఇంకే ఊరివాడికీ రాని ఆలోచన శెట్టిగారికి సహజంగా వచ్చింది. కోడలి టీలో దూది పడింది! పొరుగూరికి పోయాక ఆదోని పరువు ఆ డబ్బాలోనే మునుగుతుంది!

పత్తిలో ఆకు ఉంటే తరుగు. ఆకులో పత్తి ఉంటే తగువు. ఆయన పళ్లెం తెచ్చుకుని, కిటికీ పక్కన కూర్చుని, ఒక్కొక్క తెల్ల పుల్లనూ ఏరడం మొదలుపెట్టారు. మధ్యలో ఒకదాని మీది నూగును అలవాటుగా లాగి చూశారు. పింజ రాలేదు. వింతగా అనిపించింది కానీ, పని ఆపేంత వింతగా అనిపించలేదు. వాసవి వచ్చేసరికి డబ్బాలో ఒక్క తెల్ల పుల్ల లేదు. ఏరినవన్నీ యార్డులో పత్తి మచ్చు కట్టే కాగితంలో చుట్టి, దాని మీద పెన్సిల్‌తో రాశారు: "చెత్త ముప్పై శాతం. తోటవానిని తరుగు అడగవలెను." బేరం కుదిరాక అందరి ముందూ తీసి చూపించి, కోడలికి తరుగు కూడా ఇప్పించాలని ఆయన ముచ్చట.

శుక్రవారం ఇద్దరూ ఆర్టీసీ బస్సులో ఎమ్మిగనూరు చేరారు. రవికుమార్ దుకాణంలో తెల్ల పరుపు మీద కూర్చోబెట్టాడు. పక్కనే ఆయన తల్లి ఉచ్చీరమ్మ ఒక చీర కొంగుకు కుచ్చులు ముడేస్తోంది. వాసవి కరెంటు కెటిల్లో నీళ్లు మరిగించి, కాస్త చల్లారనిచ్చి, ముందుగా తెల్ల టీ పోసింది. మిగతా నాలుగూ ఉత్తివేననీ, ఆర్డర్ దీని మీదే ఉందనీ ఆమెకు తెలుసు.

రవికుమార్ తాగాడు. చప్పరించాడు. మర్యాదగా గోడవైపు చూశాడు.

"ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ల మాదిరి ఉండాది నాయనా," అంది ఉచ్చీరమ్మ, మర్యాద ఆమె శాఖ కాదు కాబట్టి. "జొరమొచ్చినోళ్లకు ఇస్తారా?"

వాసవి తాను ఒక గుక్క తాగింది. మొహం మారిపోయింది. డబ్బా తీసి వెలుతురులోకి వంచింది. "మొగ్గలు యాడ? ఇందులో మొగ్గలుండాల! తెల్లగా, నూగుతో..."

"నూగా?" అన్నారు శెట్టిగారు. జుబ్బా జేబు మీదకు చేయి పోయింది. "అది... దూది గదమ్మా?"

ఉచ్చీరమ్మ ముడి వేయడం ఆపింది. శెట్టిగారు కాగితం పొట్లం తీసి పరుపు మీద పెట్టారు. పెన్సిల్ రాత వాసవి చదివింది. ఏడవాలో నవ్వాలో తేలక, రెండూ కలిపి ఒక దగ్గు దగ్గింది.

"మామా, ఈ టీకి ధర ఉండేదే ఈ మొగ్గల వల్ల. ఇంకా విచ్చుకోని చిగురు ఇది. ఆ నూగు దాని వంటి మీదే పుడతాది."

"చెట్టు మీదనే దూది పుడతాదా?"

"పత్తికి పుట్టట్లేదా?"

శెట్టిగారు ఒక మొగ్గను వేళ్ల మధ్య పట్టుకుని, నూగును ఇంకోసారి లాగి చూశారు.

రవికుమార్ మొగ్గు చూపుదామంటే డబ్బాలో మొగ్గే లేకుండా పోయింది. వాసవి మొగ్గలను మళ్లీ ఆకులో కలిపి రెండోసారి పోసింది. కానీ అప్పటికే కర్ణాటక నుంచి నలుగురు చీరల బేరగాళ్లు దిగారు. రవికుమార్ నిలబడే ఒక గుక్క తాగాడు. "ఇది బాగుండాదమ్మా, కాదనను. కాని నా నోట్లో ఆ మొదటిదే నిల్చుండాది. ఈ సీజన్‌కు వద్దులే, ఉగాది పోనీ, సూద్దాం" అని బేరగాళ్ల వైపు తిరిగాడు.

ఆయన వదిలేసిన గ్లాసును శెట్టిగారు తీసుకుని తాగారు. నెమ్మదిగా తాగారు. ముందు ఏమీ లేదనిపించింది. తరువాత నాలుక చివర సన్నటి తీపి, తేనె కాదు, చెరకూ కాదు, కోసిన కర్బూజా పండు పక్కగదిలో ఉన్నట్టు. ఖాళీ గ్లాసులోకి కూడా చూశారు.

తిరుగు బస్సులో వాసవి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బయట జొన్న చేలు, మిరప చేలు, మళ్లీ జొన్న చేలు. శెట్టిగారు ఖాళీ మచ్చు కాగితం విప్పి, తన పెన్సిల్ రాతను మళ్లీ చదువుకున్నారు. ఆయన ఫోన్ తీశారు.

"తిరుపాలూ, గది లేదప్పా."

అవతలి గొంతు బస్సంతా వినబడింది. "ఆర్డర్ వచ్చినాదా శెట్టీ?"

"రాలే."

"మరి మాట అంటే మాటేనంటివి గదా!"

"మచ్చు మీద ఇచ్చిన మాటప్పా అది. మచ్చే నేను మార్చేస్తే మాట యాడ నిలబడతాది? నలభై ఏండ్లు అదే సెప్పి అందరి నోళ్లూ మూయిస్తి. నా చెయ్యి తగిలి చెడిన సరుకు నాదే. ఇంకో గది సూసుకో."

ఫోన్ పెట్టేశారు. వాసవి ఇటు తిరిగింది. "నిజంగానా మామా?"

"నిజమే. రేపు పొద్దున తాళం తీస్కో. తోటవానికి ఇంకో డబ్బా పంపమను. తరుగు అడగొద్దులే."

ఆమె నవ్వింది. పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు. "ఒక్క షరతు. డబ్బాలు ముట్టే ముందు నన్ను అడగాల."

"అడుగుతా. ఇప్పుడే అడుగుతాండా. పత్తికి దూది ఏలంటే, గింజ గాలికి ఎగిరి పోవాల. మరి టీ మొగ్గకు ఆ నూగుతో ఏం పని? అది యాడికి పోవాల?"

"తెలీదు మామా. నాకెప్పుడూ ఆ అనుమానమే రాలేదు."

శెట్టిగారి ముఖం వెలిగిపోయింది. కోడలు ఫోన్‌లో వెదకడం మొదలుపెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఆమె పక్కకు జరిగి, తెర మీదకు వంగారు. సిగ్నల్ లేదు. ఇద్దరూ అలాగే వంగి, అది వచ్చేదాకా చూస్తూ కూర్చున్నారు.