ఆరో వంతు నెమ్మది

గొర్రెల ఉన్ని కత్తిరించడంలో క్లైవ్‌ను మించినవాడు ఆస్ట్రేలియాలోని ఆ మాలీ పొలాల ప్రాంతంలో లేడు. నరాల జబ్బు వచ్చాక చేతుల్లోంచి ముందు కత్తెర జారింది, తర్వాత ట్రాక్టరు పని పోయింది. మిగిలింది టీవీ మీద ఆడే కారు పందెం ఒక్కటే. అందులో మాత్రం ఇంకా గెలుస్తున్నాడు.

"చూశావా అన్నా! డాక్టరు బెదిరించినంత ఏం లేదు" అనేవాడు. నెవిల్ తలూపేవాడు. తమ్ముడు పొద్దున మంచం దిగుతున్నది ఆ గెలుపు కోసమేనని అతనికి తెలుసు.

క్లైవ్ సణుగుడల్లా ఆటలో బొమ్మకు పైనా కిందా ఉండే నల్ల పట్టీల గురించే. "సగం మూసిన కిటికీలోంచి పందెం చూస్తున్నట్టుంది."

నెవిల్ ఊళ్ళో టీవీలు బాగుచేసే బాసిల్‌ను అడిగాడు.

"మన టీవీల పద్ధతి వేరు, అమెరికా వాళ్ళది వేరు. వాళ్ళ పద్ధతికి చేసిన ఆటను మన టీవీకి సర్దితే ఆ పట్టీలు మిగులుతాయి. అక్కడి ఆట మన టీవీకి పెడితే బొమ్మ రంగులు పోయి దొర్లుతుంది. రెండు పద్ధతులూ పట్టే టీవీ తెప్పిస్తాను, ఆట, దాని పెట్టె అక్కడివే కొను. పట్టీలుండవు. ఆట కూడా అసలు వేగంతో పోతుంది. మన దగ్గర అది ఆరో వంతు నెమ్మది."

వేగం పెరగడం మంచిదేగా అనుకున్నాడు నెవిల్. కోత యంత్రం కొనేటప్పుడూ అతను చూసేది అదే.

క్లైవ్ పుట్టినరోజున అన్నీ అమర్చాడు. తెర నిండా బొమ్మ వచ్చింది.

"అబ్బో! రోడ్డంతా కనిపిస్తోంది" అన్నాడు క్లైవ్. మొదటి మలుపులోనే కారు గోడకు కొట్టుకుంది. "కొత్త గుర్రం, మాట వినదు" అని నవ్వాడు. మళ్ళీ గోడే. ఆ తర్వాత నవ్వలేదు.

"ఇదేంటి, ఇంత తొందరగా పోతోంది?"

"అసలు వేగం అదేనట. మనదే నెమ్మదట" అనేశాడు నెవిల్. అన్నాక గానీ తానేం చేశాడో అర్థం కాలేదు.

క్లైవ్ తన చేతులకేసి చూసుకున్నాడు. "అయితే ఇన్నాళ్ళూ నేను గెలవలేదన్నమాట. ఆటే నా కోసం ఆగింది."

"పాతది పెడతా ఉండు."

"తెలిశాక దాంతో ఏం ఆడతాను? నువ్వు ఆడు."

మీటల పెట్టె అన్న చేతికిచ్చి, కుర్చీలో వెనక్కి వాలాడు. నెవిల్ మొద్దువేళ్ళకు ఏ మీటా దొరకలేదు.

"ఎడమకి! ఎడమకన్నా! దుక్కి దున్నుతున్నావా ఏం?"

క్లైవ్ ఒళ్ళో బొటనవేళ్ళు మలుపు మలుపుకీ కదులుతున్నాయి, కానీ కారు ఆ మలుపు దాటిపోయాక. అది గమనించినా నెవిల్ తెర మీంచి చూపు తిప్పలేదు.