వెనకపేజీకి రెండో మనిషి

చలపతి కార్డును తిప్పి, మళ్ళీ ప్రింటర్ నోట్లో పెట్టాడు. ముందువైపు వినాయకుడు, వధూవరులు, ముహూర్తం దిగిపోయాయి. వెనకవైపు విందూ, వేదికా దిగాలి. రెండు వైపులా దానంతటదే కొట్టవలసిన ప్రింటర్ కొన్నాళ్ళుగా వెనకవైపు తెల్లగా వదిలేస్తోంది. తప్పు దానిది కాదు, కార్డు కూర్చే సాఫ్ట్‌వేర్‌ది. పేరుకు శుభలేఖే, తిప్పి చూస్తే శుభం లేక! అందుకని ఒక్కొక్క కార్డునీ పసిపిల్లను బోర్లా పడుకోబెట్టినట్టు తిప్పి పెట్టడమే అతని ఉద్యోగమైపోయింది.

సన్నటి మెడ, దానిమీద మోయలేనంత తల. ఏళ్ళ తరబడి తెరలోకి వంగి వంగి వీపు ప్రశ్నార్థకమై కూర్చుంది. బొటనవేలి గోట్లో ఎప్పుడూ నీలం మరక. తాతగారు వేదం వల్లించారు, మనవడికి వేదన దక్కింది అని తనమీద తనే ఛలోక్తి వేసుకుంటాడు. నవ్వేవాళ్ళుండరు. అమలాపురం గడియారస్తంభం పక్కసందులో ఆ ప్రెస్సు, అందులో అతనూ, రెండూ ఎవరి కంటా పడవు.

యజమాని జయప్రకాష్ కాఫీ గ్లాసు బల్లమీద పెట్టాడు.

"చలపతిగారూ, మీ సాఫ్ట్‌వేర్ కొత్తది వస్తోందన్నారు. అందులోనూ వెనకపేజీ పడకపోతే నేను నెలనెలా డబ్బు కట్టే అద్దె సాఫ్ట్‌వేర్ పెట్టించేస్తానండి. అది తెలిసిన మనిషిని కూడా మాటాడేను. మీరేమీ అనుకోకండి."

"ఆయ్," అన్నాడు చలపతి.

ఆ సాఫ్ట్‌వేర్‌కు సొంతదారంటూ లేడు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి ఊరికే ఇచ్చేస్తారు. కొత్త కూర్పు విడుదలకు ముందు ఒక రోజు పెట్టి, వాడి చూడండి, చెడితే చెప్పండి అని అందరినీ పిలుస్తారు. చలపతి ప్రతిసారీ ప్రెస్సులో కూర్చునే చెప్పేవాడు. వెనకపేజీ సంగతి పోయినసారే చెప్పాడు. 'మీ ఒక్కరికే అవుతోంది, ఇంకొకరు కూడా చూశామంటే సరిచేస్తాం' అని జవాబొచ్చింది. ఇంకొకరు. అంతే కావలసింది. ఈసారి ఆ పరీక్ష ఊళ్ళోనే ఒక కాలేజీలో పెడుతున్నారని తెలిసి, ఆ ఇంకొకరిని వెతుక్కొస్తానని జయప్రకాష్‌కు చెప్పి, చేతులు కడుక్కుని ఆటో ఎక్కాడు.

గేటు దగ్గరే పన్నీరు చల్లారు. లోపల, దోషాలు పట్టమని పిలిచిన జనం దోశలు పట్టుక్కూర్చున్నారు. ఒకడు కంప్యూటర్ పక్కన నిలబడి ఫోటో దిగాడు, ఇంకొకడు కంప్యూటర్ వేయకుండానే దిగాడు. వాడుక చూడవలసిన రోజు కాస్తా వేడుకైపోయింది.

చలపతి కొత్త కూర్పులో ఒక కార్డు కూర్చి, రెండు వైపులా కొట్టమన్నాడు. వెనక తెల్లగా వచ్చింది. పక్క కుర్చీలో సత్యవతి కూర్చుంది. మలికిపురంలో బడిపిల్లలకు కంప్యూటర్ చెబుతుంది.

"మీరూ ఒకటి కొట్టి చూడండమ్మా."

ఆమె కొట్టింది. తిప్పి చూసింది. "అయ్యో, నాదీ అంతేనండి."

చలపతికి ప్రాణం లేచొచ్చింది. "అదే ముక్క రాసి పంపండి. ఇంకేం అక్కర్లేదు."

ఆమె మీటలమీద వేళ్ళు పెట్టేసరికి భోజనాలకు పిలిచారు.

అరిటాకులు, పనసపొట్టు కూర, పులుసు, నేతిలో ఈదుతున్న బొబ్బట్లు. సభ నడిపించే లెక్చరర్ సాయిశ్రీ ఆకు ఆకుకూ వంగి, "ఇంకొక్కటి వేయించుకోండి బాబాయిగారూ, నామీద ఒట్టే," అంటూ వడ్డించింది. తిన్నవాళ్ళు త్రేన్చుకుంటూ వచ్చి, నేతివేళ్ళతోనే మౌసు పట్టుకుని, 'అంతా బాగుంది' అన్నచోట టిక్కు పెట్టేశారు. సత్యవతి కూడా పెట్టింది.

"రాయలేదేమ్మా?"

"ఎలా రాస్తానండీ? ఆవిడ దగ్గరుండి కొసరి కొసరి వడ్డించేరు. తిన్న నోటితో తప్పుందని ఎలా అంటామండీ?"

"సాఫ్ట్‌వేర్ చేసింది వాళ్ళు కాదమ్మా. వాళ్ళు హాలిచ్చేరంతే."

"అయినా పిలిచింది వాళ్ళే కదండీ."

వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "పెళ్ళిలో కార్డు వెనక ఎవరు చూస్తారండీ మాస్టారూ? అందరి చూపూ విస్తరి మీదే."

గది గదంతా నవ్వింది. చలపతి కంప్యూటర్ వైపు తిరిగాడు. మీటలమీద నెయ్యి మెరుస్తోంది, తెరమీద పులుసు వేలిముద్ర ఒకటి. ఇది మర్యాద కాదు, మరో వ్యాధి అనుకున్నాడు. బోదకాలులా తెలియకుండా ఊరంతా పాకే వ్యాధి. అందరి మొహానా ఉమ్మేయాలనిపించింది.

సాయిశ్రీ మైకు అందుకుంది. సాఫ్ట్‌వేర్ ఒక్క దోషమూ లేకుండా పరీక్ష నెగ్గిందని చెప్పి, చప్పట్లు కొట్టించి, చలపతి దగ్గరికి వచ్చి భుజాలమీద శాలువా కప్పింది.

"అందరికంటే పెద్దవారు. భోజనం ఎలా ఉందండీ బాబాయిగారూ?"

పులుసులో ఉప్పు లేదు. బొబ్బట్టు లోపల పచ్చి.

"అమోఘమమ్మా," అన్నాడు.

"మరి సాఫ్ట్‌వేరో? రెండు ముక్కలు చెప్పండి."

మైకు నోటి దగ్గర ఉంది. ఇంతమంది వింటున్నారు, ఇంకొక్కరు చాలు. ఆమె ఆశగా నవ్వుతోంది. బొట్టు చెమటకి కారి ముక్కుమీదికొచ్చింది. పొద్దుటినుంచీ నిలబడే ఉన్నట్టుంది.

"బాగుందమ్మా," అన్నాడు చలపతి.

చప్పట్లు. అవతల సత్యవతి తల పంకించింది, తమ ఇంటి మనిషిని చూసినట్టు. ఇందాక అందరికోసం నోట్లో ఊరిన ఉమ్ము అతని గొంతులోకే దిగింది, నేతి జిడ్డుతో సహా.

వందన సమర్పణ మొదలయ్యేసరికి పక్కతలుపులోంచి బయటికి వచ్చేశాడు. గోడవారగా నిలబడి ప్రెస్సుకు ఫోన్ చేశాడు.

"జయప్రకాష్‌గారూ, ఆ మనిషిని రేపు రమ్మనండి. నేనింక రాను."

"అదేంటండీ, ఇంకొకరు దొరకలేదా?"

"దొరికేరండి," అన్నాడు చలపతి. "అందరూ నాలాంటివాళ్ళే."

ఎదురుగా వచ్చిన ఆటో ఎక్కాడు.

సభ ముగిశాక లోపల లైట్లు ఆర్పేశారు. అతను కూర్చున్న కుర్చీ వీపున శాలువా వేలాడుతోంది. దాని మడతలో కొట్టువాడు గుచ్చిన గుండుసూది ఇంకా తీయలేదు.