కాపలావాడి గొంతు

పదిహేడోవాణ్ణి కూడా వెనకనుంచే పొడిచాడు, ఆ నల్లగుడ్డలవాడికి ఎదురుగా వచ్చి పొడిచే దమ్ము ఏనాడూ లేదు, కోటగోడ మీంచి జారి, పైకప్పు పెంకుల మీద పాకి, దీపం ఊదేసి, వెనకనుంచి నోరు నొక్కి, అంతే, పదిహేడోవాడూ నేనే, పదహారోవాడూ నేనే, ఒకటోవాడి దగ్గర్నుంచీ అందరూ నేనే, వందల ఏళ్ళ కిందటి జపాన్ కోట అట, లోపల ఒక దొర, వాణ్ణి చంపడానికి చప్పుడు లేకుండా వచ్చే నింజా ఒకడు, ఇది సినిమా కాదు, వీడియో గేము, ఆ ఇద్దరికీ పేరున్న గొంతులు పెట్టుకున్నారు, మధ్యలో చచ్చే కాపలావాళ్ళకి నన్ను పిలిచారు, ముప్ఫై ఏళ్ళు డబ్బింగ్ చెప్పినవాడికి చివరికి దక్కిన వేషం, అదీ పదిహేడు చావులు, మెడ తెగితే ఒక మూలుగు, నీళ్ళలో ముంచితే ఒక గుడగుడ, బురుజు మీంచి తోస్తే పొడుగ్గా ఒక కేక, చావడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరండీ అని నమూనా చావులు విన్నరోజే డైరెక్టరమ్మ మెచ్చుకుంది, ఆ మాట ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే నవ్వింది, అయితే ఈ ఇంట్లో ఇక బతికేది నేనొక్కదాన్నే అన్నమాట, అంది, అన్నప్పుడు కూడా గొంతు పెంచలేదు, ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడు విన్నాను, ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు, ఇప్పుడు విందామన్నా ఆ గొంతు లేదు, పన్నెండు రోజులైంది, కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒకేసారి పోగొట్టుకుని ఆస్పత్రి మంచం మీద పడి ఉంది.

ఈ సోఫాలో స్పాంజి బయటికొచ్చి ఏడేళ్ళయింది, ఈ స్టూడియోవాళ్ళు గోడలకి మాత్రం ఏడాదికోసారి కొత్త గుడ్డ అతికిస్తారు, మనుషులు ఎలా కూర్చుంటే ఏం, గోడలు బాగుండాలి, చెవులాయన లోపల ఎవరితోనో పనిలో ఉన్నాడు, రెండు నిమిషాలు కూర్చోమని అద్దంలోంచి వేళ్ళు చూపించాడు, చెవులాయన అంటే మా సౌండు ఇంజనీరు, పక్కగదిలో దోమ ఒళ్ళు విరుచుకున్నా వినపడుతుందని మేం పెట్టుకున్న పేరు, పొద్దున్నే ఫోన్ చేశాడు, గురూ, మీ ఆవిడకెలా ఉంది అన్నాడు ముందు, అలాగే ఉంది అన్నాను, అలాగే అంటే ఎలాగో నాకూ తెలీదు, సరే ఒకసారి వచ్చి పో, నువ్వు ఇంట్లో రికార్డు చేసి పంపిన పెద్ద ఫైలు లేదూ, ఇన్నాళ్ళకి కత్తిరింపుకి కూర్చున్నాను, దాంట్లో ఏదో చప్పుడుంది, అదేమిటో నువ్వే చెప్పాలి, అన్నాడు, ఏ ఫైలు అని అడిగాను, తెలిసే అడిగాను, ఉన్నది ఒక్కటే పెద్ద ఫైలు, ఆ మధ్యాహ్నానిది, పన్నెండు రోజుల కిందటిది, ఏముంటుంది, పైవాటావాళ్ళు మంచం జరిపి ఉంటారు, వాళ్ళకి అదో జబ్బు, ఇవాళ జరిపింది రేపు వెనక్కి జరుపుతారు, అదే అయ్యుంటుంది, ఆ మాట ఫోన్లోనే చెప్పేస్తే ఇంత దూరం రానక్కర్లేకపోను, చెప్పలేదు, కాళ్ళు వాటంతటవే బస్సెక్కాయి.

ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి, నాకున్నది గొంతొక్కటే, దాన్నే ఇంటిల్లిపాదీ మొయ్యాలని అనుకున్నాను, ఇంటిల్లిపాదీ అంటే ఎవరని, ఆవిడ, మాకు పిల్లల్లేరు, స్టూడియోకి రానక్కర్లేదు ఇంట్లోనే చెప్పి పంపండి అన్న రోజులొచ్చాక పడగ్గదిలో బట్టల బీరువా ఖాళీ చేయించి, లోపల బొంతలు మేకులతో కొట్టి, దాంట్లో స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి, పెళ్ళినాటి బొంతలండీ అంది, మేకులు కొట్టక ముందు ఒక్కసారి అంది, మళ్ళీ అనలేదు, గది తలుపు మీద ఒక ఎర్రబల్బు పెట్టాను, అది వెలిగితే ఇల్లు చచ్చిపోవాలి, ఫ్యాను ఆగాలి, ఫ్రిజ్జు ప్లగ్గు పీకాలి, కుళాయి విప్పకూడదు, కుక్కరు పొయ్యి దిగాలి, గాజులు మోచేతి మీదికి తోసుకోవాలి, ఒకసారి గరిట జారిపోయి బాగా కుదిరిన రికార్డింగు టేకు పాడైతే బయటికొచ్చి నేనన్న మాటలు ఇప్పుడు గుర్తుకి రాకుండా ఉంటే బాగుణ్ణు, అన్నీ వరసగా వస్తున్నాయి, నీకు తిండి పెడుతున్నది ఈ గొంతే అన్నాను, కాళ్ళా రోకళ్ళా అన్నాను, అప్పట్నుంచీ ఆవిడ చెప్పులు మానేసింది, మునివేళ్ళ మీద నడిచేది, వంటగది గుమ్మం దగ్గర ఒక టైలు ఊడి కదులుతుంది, తగిలితే టక్కుమంటుంది, తాపీవాణ్ణి పిలుద్దామని ఎన్నిసార్లు అందో, చూద్దాంలే అన్నాను, చివరికి దాన్ని దాటి అడుగు వెయ్యడం నేర్చుకుంది, కుడికాలు ముందు, తర్వాత ఎడమ, ఇటు గోడవారగా, ఈ గేములోనూ ఒక వసారా ఉంది, దొర పడుకునే గది ముందు, అక్కడి చెక్కల మీద కాలుపెడితే పిట్ట కూసినట్టు కూస్తాయి, నింజా గోడవారగా నడవాలి, ఆ బొమ్మ చూపించినప్పుడు ఇక్కడే అందరిముందూ అన్నాను, మా ఇంట్లో ఉందయ్యా ఒక నింజా, మా ఆవిడ దగ్గర ఈ కుర్రకుంక ట్యూషను చెప్పించుకోవాలి అని, అందరూ నవ్వారు, ఎంత గర్వంగా అన్నానో.

ఆ రోజు పన్నెండున్నరకి అన్నం పెట్టింది, కుడిచెయ్యి తిమ్మిరిగా ఉందండీ అంది, పొద్దుటినుంచీ బట్టలు పిండావు కదా అన్నాను, అంతే అయ్యుంటుందిలెండి అంది, ఒంటిగంటకి బల్బు వేసి బీరువాలో కూర్చున్నాను, ఐదుంబావుకి లేచాను, మా పనిలో మొదలుపెట్టాక రికార్డింగు ఆపరు, తప్పులూ దగ్గులూ అన్నీ అలా నడవనివ్వాలి, ఒక మాట చెప్పడం, ఒకసారి చేతులు చరవడం, మూడు లెక్కపెట్టేదాకా ఖాళీ ఉంచడం, మళ్ళీ మాట, ఆ చరుపు తెరమీద ముల్లులా లేస్తుంది, దాన్ని చూసి చెవులాయన కత్తిరించుకుంటాడు, చెవులకి హెడ్‌ఫోను, దాంట్లో జపాన్ వాయిద్యాలు మోగుతూనే ఉంటాయి, నాలుగింటికి టీ రాలేదు, బల్బు వెలుగుతుంటే తను రాదుగా, చూడు ఎంత బుద్ధిగా ఉందో అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను, బయటికొస్తే వంటగది గుమ్మంలో ఎడమపక్కకి పడి ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, నావైపే చూస్తున్నాయి, నోరు ఒక పక్కకి జారింది, ఆస్పత్రిలో డాక్టరు అడిగింది ఒక్కటే, బాగుండగా చివరిసారి ఎప్పుడు చూశారు, ఒంటిగంటకి అన్నాను, ఆయన గోడ గడియారం చూశాడు, అప్పటికి ఆరు, పెన్నుకి మూత పెట్టాడు, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపే వెయ్యాలండీ, ఎప్పుడు పడిందో తెలిస్తే వేసేవాళ్ళం, అన్నాడు, తెలీదన్నాను, మరదలు పరిగెత్తుకుంటూ వచ్చి బావా అక్క ఎంతసేపలా పడుందో చెప్పు అని చొక్కా పట్టుకుంది, చప్పుడు వినగానే బయటికొచ్చానమ్మా, ఐదు నిమిషాలు కూడా కాలేదు అన్నాను, ఎందుకన్నానో, అన్నాక అదే నిజమనిపించింది, పన్నెండు రోజులుగా దాన్నే పట్టుకుని నిద్రపోతున్నాను, ఐదూ పదికి పడింది, ఐదుంబావుకి లేచాను, మధ్యలో ఐదు నిమిషాలు, ఐదు నిమిషాలకి ఎవడు మాత్రం ఏం చెయ్యగలడు.

చెవులాయన పిలిచాడు, కూర్చో గురూ అని పక్క కుర్చీ లాగాడు, తెరమీద నా గొంతు కొండలు కొండలుగా ఉంది, పక్కన అంకెలు తిరుగుతున్నాయి, ముందు ఇది విను, ఇది బంగారం, డైరెక్టరమ్మ ఇదే ఉంచమంది, ఇరవై రెండో నిమిషం అన్నాడు, వేశాడు, నాలుగోవాడు కోట తలుపు దగ్గర గస్తీ తిరుగుతూ ఆవలిస్తున్నాడు, దూరంగా ధబ్బుమని ఏదో పడింది, ఒక్క క్షణం ఏమీ లేదు, తర్వాత నా గొంతు, చిరాగ్గా, విసుగ్గా, ఏదో పడింది, పిల్లి అయ్యుంటుంది, పోనీ, అంది, ఆ చిరాకు ఎంత సహజంగా కుదిరిందో చూశావా, ఆ చప్పుడు నువ్వే చేశావా అన్నాడు, తల ఎటు ఊపానో తెలీదు, నాకు గుర్తుంది, మళ్ళీ ఏదో జారవిడిచింది, మళ్ళీ టేకు పాడు చేసింది అని పళ్ళు నూరుతూ కాగితం మీదున్న ఆ మాట చెప్పాను, ఇరవై రెండో నిమిషం, ఒంటిగంటా ఇరవై రెండు, ఐదు కాదు, ఐదింటి దరిదాపుల్లో కూడా కాదు, సరే అది కాదు నేనడిగేది, ఇదిగో, ఈ చిన్న చప్పుడు, అక్కణ్ణుంచి మొదలై రెండు గంటల పైన ఉంది, అన్నాడు, శబ్దం పెంచాడు, నేను కాపలావాడిగా చస్తున్నాను, చచ్చాను, చేతులు చరిచాను, అప్పుడు టక్, టక్, టక్, మళ్ళీ నా గొంతు, మళ్ళీ చావు, మళ్ళీ చరుపు, టక్, టక్, టక్, ఎక్కడున్నా పోల్చుకుంటాను ఆ చప్పుడు, బల్బు వెలుగుతుండగా ఆ ఇంట్లో ఎన్నడూ మోగని చప్పుడు, వంటగది గుమ్మం దగ్గరి టైలు, కదిలే టైలు, ఇన్నేళ్ళూ దాటి అడుగేసిన టైలునే పడుకుని వేలితో కొట్టింది, పైవాటావాళ్ళా అంటే కాదు, నీటి గొట్టమా అంటే కాదు, చెవులాయన తనలో తను తల ఊపుకుంటున్నాడు, చిత్రమేమిటంటే గురూ, శుభ్రం చెయ్యాల్సిన పనే లేదు, ఒక్క మాట మీద కూడా పడలేదు, చరిచాక మూడు క్షణాలు ఖాళీ ఉంటుంది చూడు, సరిగ్గా దాంట్లోనే కొడుతున్నారు, నువ్వు గొంతు సవరించుకుంటే చాలు ఆగిపోతున్నారు, ఎవరోగానీ మన పని తెలిసినవాళ్ళు, అన్నాడు, మెచ్చుకోలుగా అన్నాడు, పాపం అతనికేం తెలుసు, నేను తెరవైపే చూస్తున్నాను, నా కొండల మధ్య మూడేసి ముళ్ళు, ఆమడల పొడుగునా, ఎక్కడా కొండకి తగలకుండా, పక్కన అంకెలు రెండు గంటల నలభై నిమిషాల దగ్గరికొచ్చేసరికి రెండేసి అయ్యాయి, ఆ తర్వాత చాలాసేపు ఖాళీలు ఖాళీగానే ఉన్నాయి, ఆ ఖాళీల మధ్య నేను ఇంకా చస్తూనే ఉన్నాను, పదకొండోవాడు, పన్నెండోవాడు, ఒకణ్ణి మించి ఒకడు గొప్పగా, ఇదేమిటో చెప్పు మరి అన్నాడు చెవులాయన, ఇంట్లో ఒక టైలు ఊడిందన్నాను.

మెట్లు దిగానో లిఫ్టులో దిగానో, ఎండ మొహం మీద కొట్టేదాకా తెలీలేదు, నాలుగింటికి ఆస్పత్రిలో చూడనిస్తారు, ఇంకా టైముంది, మరదలికి చెప్పాలి, చెబితే జన్మలో నా మొహం చూడదు, చెప్పకపోతే నేను చూసుకోలేను, డాక్టరుకి చెప్పాలి, చెబితే మాత్రం, ఆయన పెన్నుకి మళ్ళీ మూత తీస్తాడా, ఒంటిగంటా ఇరవై రెండు నుంచి రెండు గంటలు, మూడూ ఇరవైకి లేచినా వేళ దాటేది కాదు, మాటుండేది, ఒక్క గావుకేక పెట్టి ఉంటే, మాట పడిపోయినా కేక వస్తుందేమో, వచ్చిందేమో, వస్తే మింగేసిందేమో, గిన్నె ఏదైనా అందుకుని విసిరి ఉంటే, నా టేకు పాడైతేనేం, కానీ విసరదు, కాళ్ళా రోకళ్ళా అన్నవాడి పెళ్ళాం గిన్నె విసరదు, బస్టాపు బెంచీ మీద ఎవరో నాణెంతో ఊరికే కొట్టుకుంటున్నారు, టక్ టక్ అని, అక్కడే నిలబడిపోయాను, ఆ చప్పుడు వల్ల కాదు, నిన్న విన్నాను కాబట్టి, నిన్నా మొన్నా రోజూ వింటున్నాను కాబట్టి, ఆస్పత్రిలో ఆవిడ ఎడమచేతి వేలు మంచం ఇనపకమ్మీ మీద కొడుతూనే ఉంటుంది, మూడుసార్లు, ఆగి మూడుసార్లు, నరాల అదురండీ, ఇలాంటి కేసుల్లో మామూలే అంది నర్సమ్మ, నేను కుర్చీ లాక్కుని కూర్చుని మాట మొదలుపెట్టగానే ఆ వేలు ఆగిపోతుంది, మొదటిరోజే గమనించాను, మరదలికి గొప్పగా చూపించాను కూడా, చూశావా అమ్మా, నా గొంతు వినపడితే మీ అక్క నెమ్మదిస్తుంది అని, మరదలు కళ్ళు తుడుచుకుంది, ఆ ధైర్యంతోనే రోజూ చూడనిచ్చే గంటసేపూ ఆపకుండా వాగుతున్నాను, గేము సంగతులు, పైవాటావాళ్ళ మంచం సంగతి, డైరెక్టరమ్మ మెచ్చుకోలు, ఊపిరి తిప్పుకోకుండా చెబుతున్నాను, ఆవిడ నా నోటివంకే చూస్తూ ఉంటుంది, వేలు కమ్మీ మీద ఎత్తి పట్టుకుని, దించకుండా, నేను ముగించేదాకా, నెమ్మదించడం కాదది, మాటకీ మాటకీ మధ్య సందు కోసం చూస్తోంది, నాకు చెప్పాల్సిందేదో ఇంకా చెప్పాలనే చూస్తోంది, పన్నెండు రోజులుగా నేను ఆ సందు ఒక్కసారి కూడా ఇవ్వలేదు.