కదలని సైకిలు

ఏడో నిమిషం దాటేసరికి బయూమి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కనుబొమ్మల మీంచి జారిన చెమట కళ్ళలో మండింది. తుడుచుకుందామని కుడి చెయ్యి ఎత్తగానే ఎదురుగా ఉన్న తెర మీద గుండె అంకె మాయమై రెండు గీతలు మిగిలాయి.

"బాబాయ్, రెండు చేతులూ పిడుల మీదే ఉంచండి. మీరు పట్టుకుంటేనే కదా దానికి మీ గుండె వినపడేది," అంది నర్సు ఇన్సాఫ్, చేతిలోని కాగితం మీంచి తల ఎత్తకుండానే.

బయూమి మళ్ళీ పిడి పట్టుకుని ముందుకు వంగాడు.

కైరోలోని ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో, గుండెపోటు నుంచి తేరుకుంటున్నవాళ్ళ కోసం ఆరు వ్యాయామపు సైకిళ్ళున్నాయి. ఇరవై నిమిషాలు ఆగకుండా తొక్కి, గుండె అంకె హద్దు దాటకుండా ఉంటే, పాత పనికి వెళ్ళవచ్చునని డాక్టరు రాసిస్తాడు. లేకపోతే రొట్టెల బట్టీ యజమాని హాజ్ మత్బూలి కిటికీ దగ్గర స్టూలు వేసి ఉంచాడు. కూర్చుని రొట్టెలు అందించే పని. ఆ స్టూలుకు బయూమి భార్య అప్పుడే మెత్త కూడా కుట్టేసింది. మొదటిసారి అతను పదకొండో నిమిషంలో ఆగిపోయాడు. రెండోసారి పదమూడులో. ఇది మూడోసారి, ఆఖరుది.

ముప్పై నాలుగేళ్ళుగా షుబ్రా పేట సందుల్లో అతని పని ఒక్కటే, హోటళ్ళకి రొట్టెలు చేరవెయ్యడం. ఖర్జూరపు మట్టలతో చేసిన మంచమంత తడక, దాని నిండా పొంగిన వేడి రొట్టెలు, అదంతా తల మీద, కింద సైకిలు. గుండెలో నొప్పి వచ్చిన రోజున కూడా ముందు తడకను ఆగి ఉన్న కారు మీదికి దించి, ఆ తరవాతే నేల మీద కూర్చున్నాడు. ఒక్క రొట్టె కూడా దుమ్ములో పడలేదు.

పక్క సైకిలు మీద వగ్దీ మాస్టారు పేపరు చదువుకుంటూ తొక్కుతున్నాడు. భూగోళం పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. జన్మలో సైకిలెక్కి ఎరగడు. ఇక్కడ మాత్రం అరగంట అవలీలగా తొక్కేస్తాడు.

"ఏమయ్యా బయూమీ, రొట్టెలు చల్లారిపోతున్నాయి!"

"చల్లారడానికి గాలేదీ మాస్టారూ? నేనే ఉడికిపోతున్నా."

"మరి బయట అన్నేళ్ళు ఎలా తొక్కావయ్యా?"

"బయట నేనొక్కణ్ణే తొక్కుతానా? సగం రోడ్డే తొక్కుద్ది. వంతెన దిగేటప్పుడు కాళ్ళకి పనే ఉండదు. ఎవడో అడ్డొస్తాడు, వాణ్ణి తిట్టుకుంటా రెండు సందులు దాటిపోతాం. ఇదేమో మొండి గాడిద! తంతేనే కదులుద్ది. కదిలీ ఎక్కడికీ పోదు."

అంత మాట్లాడేసరికి ఆయాసం వచ్చింది. అంకె పైకి పాకింది. పదకొండో నిమిషంలో అతని మెడ కిందికి వాలింది, భుజాలు చెవుల దగ్గరికి వచ్చాయి, ఊపిరి గొంతులోనే ఆడసాగింది. అప్పుడు కుడి చెయ్యి మళ్ళీ లేచింది.

ఇన్సాఫ్ కసరబోయి ఆగింది. ఆ చెయ్యి చెమట తుడవడానికి వెళ్ళలేదు. అరచెయ్యి ఆకాశానికి తిరిగి, వేళ్ళు విచ్చుకుని, తల పక్కన గాలిలో నిలబడింది. దాంతోపాటు మెడ నిటారయింది, ఛాతీ విప్పారింది. లోతుగా ఒక ఊపిరి తీసుకున్నాడు. మూడు వారాలుగా ఆమె అంకెనే చూసింది; ఇప్పుడు మనిషిని చూసింది.

"బాబాయ్, తడక ఎప్పుడూ ఆ చేత్తోనే పట్టుకుంటారా?"

బయూమి తన చేతిని తానే చూసుకుని, సిగ్గుపడి గబుక్కున దించాడు. వీపు మళ్ళీ వంగింది.

ఆమె సొరుగులోంచి చిన్న క్లిప్పు తీసి అతని ఎడమ చేతి వేలికి తగిలించింది. "గుండె సంగతి దీనికొదిలేయండి. ఆ చెయ్యి మీ ఇష్టం."

"నవ్వుతారే తల్లీ."

"నవ్వనీండి. నవ్వితే గుండెకి మంచిదని వాళ్ళకి రోజూ చెప్తూనే ఉన్నా."

చెయ్యి పైకి వెళ్ళింది. పదమూడో నిమిషం అతను చూడకుండానే దాటిపోయింది. గాలి రాలేదు, దిగుడూ రాలేదు, తొడలు మండుతూనే ఉన్నాయి. అయినా ఊపిరి అందుతోంది. మలుపు వచ్చిన చోట నడుము కొద్దిగా ఎడమకు ఒరిగేది, తల మాత్రం కదిలేది కాదు. పదిహేడో నిమిషంలో పళ్ళ మధ్య నుంచి బుస్సుమని శబ్దం చేసి అరిచాడు:

"పక్కకి! పక్కకి! వేడి, వేడి!"

వగ్దీ మాస్టారు ఉలిక్కిపడి చాచి ఉన్న పేపరును గుండెల మీదికి లాక్కున్నాడు. ఆ తరవాత తనే గది అంతటికీ వినపడేలా గద్దించాడు. "దారివ్వండయ్యా! కళ్ళు కనపడవూ?"

ఇరవయ్యో నిమిషం నిండి యంత్రం కూత పెట్టింది. బయూమి కాళ్ళు ఆగలేదు.

"బాబాయ్, అయిపోయింది, దిగండి! హద్దు దాటలేదు, గెలిచారు!"

"ఆగమ్మా, ఇంకో హోటలుంది."

ఆ హోటలు ఇరవై రెండో నిమిషంలో వచ్చింది. గదిలో అందరూ చప్పట్లు కొడుతుంటే రెండు చేతులతో జాగ్రత్తగా, ఏమీ లేని గాలిని తల మీంచి దించి కిందికి దిగాడు.

డాక్టరు సంతకం పెట్టాడు. బయూమి ముఖం కడుక్కుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల వైపు వెళ్ళిపోయాడు.

తరవాతి మనిషి రాకముందే ఇన్సాఫ్ గుడ్డతో సైకిలును తుడిచింది. సీటు తడిసి ఉంది. ఎడమ పిడి తడిసి ముద్దయింది. కుడి పిడి ఎప్పుడో ఆరిపోయి పొడిగా ఉంది.