మహిళల అభిప్రాయం

భర్త చొక్కా కాలరు మీద ఆమె ఇస్త్రీపెట్టె నడిపిస్తుండగా ఆయన వెనక నుంచి అన్నాడు.

"రిపోర్టులో ఆ ఆడవాళ్ళ చాప్టర్ కింద నీ సంతకం ఒక్కటే మిగిలింది. సాయంత్రానికల్లా పెట్టేయ్."

"అలాగేనండీ" అంది ఆమె. ఆయన చొక్కాకి ఇస్త్రీ ఆమె చెయ్యాలి, ఆయన రిపోర్టుకి సంతకమూ ఆమే పెట్టాలి. రెండింటి మీదా ముడత కనిపించకూడదు. చొక్కా సంగతి ఎలా ఉన్నా, సంతకం అనగానే ఇస్త్రీపెట్టె ఆమె చేతిలో ఆగిపోయింది.

ఇద్దరిదీ ఒకే ఆఫీసు. కొత్త ఓడరేవు కడితే సముద్రానికీ, ఒడ్డుకీ, ఒడ్డున బతికే మనుషులకీ ఏమవుతుందో ముందే అంచనా వేసి చెప్పే కంపెనీ అది. ఈ ప్రాజెక్టుకి ఆయన పెద్ద. మనుషుల మీద పడే ప్రభావం చూసే నిపుణురాలు ఆమె. కార్డు మీద మాత్రమే నిపుణురాలు. మీటింగు మొదలయ్యేసరికి అందరి కళ్ళూ టీ ఫ్లాస్కు మీద నుంచి ఆమె మీదకి తిరుగుతాయి. "మా ఆవిడే కదా, పెడుతుందిలే" అని నిన్న ఆయన ఓడరేవు కంపెనీ వాళ్ళకి ఆమె ఎదుటే మాటిచ్చేశాడు. అందరూ నవ్వారు. సిగ్గుమాలిన నవ్వొకటి ఆమె పెదాల మీదికీ వచ్చింది.

సంతకం పెట్టాల్సిన చోట రెండు వాక్యాలున్నాయి. 'మహిళలతో విడిగా సమావేశం జరిపాం. వారికి అభ్యంతరం లేదు.'

విడిగా అన్నది కాగితం మీదే. ఆ రోజు ఒడ్డునున్న జాలర్ల పేటలో, చేపలకి ఉప్పు పట్టించే షెడ్డులో ఆడవాళ్ళు కింద కూర్చుంటే, వాళ్ళ వెనక కుర్చీల్లో పేట పెద్దలూ, ఓడరేవు కంపెనీ మనిషీ కూర్చున్నారు. నడిమి కుర్చీలో ఆమె భర్త. "నువ్వొక్కదానివీ ఏం వెళ్తావ్, నేనూ వస్తా" అని బయలుదేరిన మనిషి, సమావేశం అయ్యేదాకా ఆ కుర్చీ దిగలేదు. ఆమె ఏం అడిగినా ఆడవాళ్ళు మెడ తిప్పి కుర్చీల వైపు చూసి, "మీ ఇష్టం బాబూ" అన్నారు. బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు అందరిదీ అదే మాట.

ఆ మాట ఆమెకి కొత్తా? ఇల్లు మారినప్పుడూ, ఆమెకి వచ్చిన పెద్ద ఉద్యోగాన్ని వదులుకోమన్నప్పుడూ, అత్తగారి ముందు కూర్చోబెట్టి "నీకేమైనా అభ్యంతరమా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు ఆయన. ఆమె కూడా "మీ ఇష్టం" అంది. తర్వాత ఆయన నలుగురిలో "అన్నీ దాన్ని అడిగే చేస్తాను" అని చెప్పుకున్నాడు. అబద్ధమేం కాదు, అడిగాడు మరి.

మ్యాపు చూడటం ఆమెకి తెలుసు. సముద్రంలోకి రాతిగోడ కట్టగానే ఒడ్డు వెంట నడిచే ఇసుక అక్కడే ఆగిపోతుంది. గోడకి ఉత్తరాన ఉన్న ఒడ్డుని ఏటా కొంచెం కొంచెంగా సముద్రం కోసుకుపోతుంది. మిగిలిన మేర, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టుకునే ఆ కాస్త నేలా, ఓడరేవు కంచె లోపలికి పోతుంది. పడవలు మగవాళ్ళ పేర్న ఉన్నాయి కనక పరిహారం వాళ్ళకి వస్తుంది. ఆడవాళ్ళ పేరు ఎదురుగా సర్వేలో 'ఇంటిపని' అని రాశారు. అభ్యంతరం ఉందని ఆ చాప్టర్లో ఉంటే గోడ ఎక్కడ కట్టాలో మళ్ళీ చూడాలి. లేదని ఉంటే రాళ్ళ లారీలు బయలుదేరతాయి.

ఇంత తెలిసీ ఆమె ఎందుకు భయపడుతోంది? ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. "మావాడు పల్లెత్తు మాటనడు" అని అత్తగారు చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోతుంది. నిజమే, మాటనడు. మాట్లాడటమే మానేస్తాడు. ఒకసారి ఆఫీసులో ఆయన లెక్క తప్పని అందరి ముందూ అనేసింది. ఆ సాయంత్రం ఇంటికొస్తే తలుపుకి కొత్త తాళం బిగించి ఉంది, ఆమె దగ్గరున్న చెవి పట్టలేదు. లోపల టీవీ మోగుతోంది, కూతురి నవ్వు వినిపిస్తోంది. బెల్లు కొట్టినా ఎవరూ రాలేదు. చీకటి పడ్డాక ఆయన తలుపు తీసి, "పాత తాళం పాడైతే మార్పించాను, నీకు చెప్పడం మర్చిపోయా" అన్నాడు ప్రశాంతంగా. ఆ తర్వాత నెలరోజులు ఇంట్లో ఆమెతో కూతురు కూడా మాట్లాడలేదు. అప్పట్నుంచీ తాళంచెవి తలుపులో తిరిగేదాకా ఆమెకి ఊపిరాడదు.

మధ్యాహ్నం పంటినొప్పని చెప్పి ఆఫీసులోంచి బయటపడి, బస్సెక్కి పేటకి వచ్చింది. దారి పొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. షెడ్డులో మగవాళ్ళెవరూ లేరు. ఆడవాళ్ళు ఉప్పు పట్టిస్తున్నారు. వాళ్ళ మధ్య కూర్చుని మళ్ళీ మొదట్నుంచీ అడిగింది.

"మీ ఇష్టమమ్మా" అన్నారు.

కుర్చీలు లేవు, పెద్దలు లేరు, అయినా అదే మాట. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు అందరిలోకీ పెద్దావిడ చేప మీంచి తలెత్తకుండా అంది.

"ఆ రోజు నడిమి కుర్చీలో కూర్చున్నాయన మీ ఆయనేగా?"

"అవునవ్వా."

"మరి ఇక్కడ అన్నమాట నీ కడుపులో దాచుకుంటావా తల్లీ? పొద్దుగూకేలోపు ఆయన చెవిన పడదూ? ఆయన చెవిన పడితే మా మగాళ్ళ చెవిన పడ్డట్టే. రేపు తన్నులు తినేది మేమే."

జవాబు చెప్పబోతుంటే ఫోను మోగింది. తెర మీద భర్త పేరు.

"డెస్కు దగ్గర లేవేంటి? సంతకం ఏదీ?"

'అలాగేనండీ' అన్నమాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చేసింది. ఉప్పు చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"పెట్టనండీ" అంది.

"ఏంటి?"

"పెట్టను. మనం వాళ్ళతో మాట్లాడనేలేదు. ఇప్పుడు పేటలోనే ఉన్నాను. మాట్లాడాక నేనే రాస్తాను."

ఎంతో మెత్తగా, "సరే. ఇంటికి రా" అని ఆయన ఫోను పెట్టేశాడు.

తిట్టినా బాగుండేది. ఆమె పక్కనున్న గోనెసంచిని పట్టుకుంది. భయంగా ఉందని ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనలేదు. పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ లేచి, ఆమె మొహంలోకి తేరిపార చూసింది.

"రాత్రికి తలుపు తీస్తాడా?"

"తెలీదవ్వా."

పెద్దావిడ వెళ్ళి షెడ్డు తలుపు గడియ పెట్టి వచ్చి, ఆమె పక్కనే చతికిలబడింది.

"అయితే రాసుకో. ఇప్పుడు చెప్తాం."