మెత్తని ముద్ద

"సంగటి మెత్తగుండాది" అన్నాడు సోమప్ప. రాగి ముద్దలో వేలు గుచ్చి చూసి వాళ్ళమ్మతో అన్నాడు. వండిన పెళ్ళాం గంగాదేవితో కాదు.

"చేతుల్లో సత్తువ లేదప్పా దీనికి" అనింది నల్లమ్మ. "నేను కెలికిన సంగటి గోడకేసి కొట్టినా పగిలేది కాదు."

గంగాదేవి పొయ్యి దగ్గరే కూర్చోనుంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకునింది. భుజం నుంచి వేళ్ళ దాకా తిమ్మిరి. అది రోజూ ఉండేదే. ఈ మాటా రోజూ ఉండేదే. మొదట్లో వింటే ఏడ్చేది. ఇప్పుడు ఏడవదు. కోళ్ళు కూస్తే విన్నట్టు వింటాది.

పోయినేడు సోమప్ప కాల్లో తుమ్మముల్లు దిగింది. ఆయనకు తెలియనే లేదు. ముల్లుతోనే చేనికి పోయినాడు, వచ్చినాడు. వాసన కొడతాంటే గంగాదేవే కాలు తిప్పి చూసింది. కళ్యాణదుర్గంలో డాక్టరు బొటనవేలు తీసేసినాడు. షుగరు ఇట్లే ఉంటే ఈసారి కాలు తీయాల్సి వస్తాదన్నాడు. ఆ మాట సోమప్పతో అనలేదు, ఆమెతో అన్నాడు. "బువ్వ తగ్గించమ్మా. సంగటీ తగ్గించు. రాగులైతే ఏం కాదనుకుంటారు మీరంతా. అదీ పిండే. ఆకుకూర, గుడ్లు, పప్పు ఎక్కువ పెట్టు." తగ్గించు, పెట్టు, చూసుకో. అన్నిటికీ ఆమె తలూపింది. సోమప్ప బయట బెంచీ మీద కూర్చోని బీడీ తాగుతాండాడు.

ఇంటికొచ్చినాక చిన్న ముద్ద చేసి తట్టలో వేసి, పక్కన ఆకుకూర, రెండు గుడ్లు పెట్టింది. ఆయన తట్ట వైపు చూసి, తీసి వాకిట్లోకి విసిరినాడు. "ఇది మొగోనికి పెట్టే ముద్దనా, పిల్లికి పెట్టేదా?" అన్నాడు. కోళ్ళు వచ్చి తిన్నాయి. "కొడుకును పస్తు పెడతాండాదమ్మా" అని నల్లమ్మ వీధంతా చెప్పింది. ఆయన కాయిన్ బాక్సు ఫోనుండే అంగడికి పోయి బన్నులు తిని వచ్చినాడు. రాత్రి కాలు కడిగి కట్టు మార్చింది మాత్రం గంగాదేవే.

మర్నాటి నుంచి ముద్ద మళ్ళీ పెద్దదయింది. వానలు లేకపోయినా, గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి పెరట్లో సొరపాదు బతికించుకునింది. కాయ తురిమి ఎసట్లో వేసి గుజ్జయ్యేదాకా ఉడికించేది. సంగట్లో బియ్యం వేసేది మానేసింది. పిండి సగమే పోసి, శెనక్కాయల పొడి కలిపేది. సొరకాయలో నీళ్ళు ఇగరాలంటే మామూలు సంగటికి రెండింతల సేపు కెలకాల. రాగుల నలుపులో సొరకాయ కనపడదు. ఎంత కెలికినా ముద్ద కొంచెం మెత్తగానే ఉంటాది. ఆ మెత్తదనానికే మాటలు పడేది. అత్తకు వేరే కుండలో గట్టి సంగటి చేసేది. తనకు ఆ కుండ అడుగున మాడింది.

షుగరు దిగింది. పుండు మానింది. ఆ కాలు చూసి తనకు సంతోషం కావాల కదా అనుకునేది గంగాదేవి. వెతికి చూసుకుంటే లోపల ఏమీ కనపడేది కాదు. లేచి సొరకాయ తురుముకునేది.

ఒకరోజు మధ్యాన్నం తాడిపత్రి నుంచి ఆమె అన్న రామాంజులు వచ్చినాడు. ఆడ బండల పాలీషు పని. మనిషి చిక్కిపోయి ఉండాడు. కాలికి గుడ్డ చుట్టుకునుండాడు.

"రాయి తగిలింది బావా. నెత్తురు చూసినాకనే తెలిసింది. షుగరంట నాకు కూడా" అన్నాడు.

"నన్ను చూసి నేర్చుకో బావా" అన్నాడు సోమప్ప మంచం మీద సర్దుకుని కూర్చోని. "నోరు కట్టేసుకోవాల. నేను బువ్వ ముట్టను. సంగటి మాత్రం పూటకు ఇంత ముద్ద." రెండు చేతులు దోసిలి పట్టి చూపించినాడు. "రాగులకు షుగరు రాదు."

"సంగటీ తగ్గించమన్నాడే డాక్టరు. మా ఇంట్లో ఆమె చిన్న ముద్ద పెడతాంటే నిన్న కొట్టబోయినా."

"డాక్టర్లు అట్లనే అంటారు. నా షుగరు దిగలేదా? మనిషిలో నిబ్బరం ఉండాలప్పా."

"అయితే రేపటి నుంచి నేనూ నిండు ముద్దే తింటా" అని నవ్వినాడు రామాంజులు.

పొయ్యి మీద సొరకాయ సంగటి కెలుకుతాండే గంగాదేవి చెయ్యి ఆగింది. ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళు తన అబద్ధం ఒక కాలు నిలబెట్టింది. ఇప్పుడది బస్సెక్కి తాడిపత్రికి పోతాది. ఆడ అన్న కాలు తీస్తాది.

కెలకడం ఆపేసి లేచింది. అత్త కుండలోని గట్టి సంగటి తీసి, ఒక ముద్దను సగం చేసి రెండు తట్టల్లో పెట్టింది. పక్కన ఆకుకూర, గుడ్లు. తెచ్చి ఇద్దరి ముందరా పెట్టింది.

"ఏం గంగా, పిండి అయిపోయిందా?" అన్నాడు అన్న.

"ఉండాదన్నా. నువ్వు తినాల్సింది ఇంతే. ఆయన ఇన్నాళ్ళూ తినింది ఇంతే. మిగతాదంతా సొరకాయ."

నల్లమ్మ వక్కాకు నమలడం ఆపింది. సోమప్ప తట్ట అంచు పట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ నన్ను మోసం చేసినావా?"

గంగాదేవి ఆయన కాలు వైపు చూసింది.

"కాలుండాది కదా."

తట్ట లేస్తాదని చూసింది. లేచినా, తినేది కోళ్ళే అనుకునింది. లేవలేదు. సోమప్ప చెయ్యి అంచు వదిలి ముద్ద మీదికి వచ్చింది.

రామాంజులు తట్టలోదంతా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "ఆ సొరకాయది ఎట్ల చేస్తావో చెప్పుమ్మా. పోయి మీ వదినకు చెప్తా, చేసి పెడతాది" అన్నాడు.

పొయ్యి మీద సంగటి ఇంకా పలచగా ఉడుకుతాంది. గంగాదేవికి కుడిచెయ్యి లేవలేదు. ఎడమచేత్తో కుండలో నుంచి కెలికే కట్టె తీసి అన్న ముందరికి చాపింది.

"వదినకు చెప్పేది కాదన్నా. పట్టుకో. చేసి చూడు" అనింది. "రేత్రికి ఆయన కెలుకుతాడు."