దులపని దుప్పట్లు

ముందు కాలివేళ్ళు కదిలాయి, తరవాత మడమలు. స్వెట్టరమ్మ మంచం దిగడం ఎప్పుడూ కింది నుంచి పైకే. పాదాలు ఒప్పుకున్నాక మోకాళ్ళను అడగాలి, మోకాళ్ళు సరేనన్నాక నడుమును బతిమాలాలి. భుజాల సంగతి చివర్న. అవి ఏ రోజూ సరే అనవు. అనకపోయినా లేవాలి.

వంటగదిలో అత్తగారు అప్పటికే శొంఠి కషాయం మరిగిస్తోంది. పక్క పొయ్యి మీద పాత పెనంలో ఉప్పు వేగుతోంది. దాన్ని గుడ్డలో మూటగట్టి కోడలి మెడకూ భుజాలకూ కాపడం పెడితే తప్ప ఆవిడకు తెల్లవారినట్టుండదు.

“రాత్రి మళ్ళీ ఆ బిళ్ళ వేసుకున్నావా?”

“లేదత్తయ్యా.”

వేసుకుంది. డాక్టరు రాసిన ఆ బిళ్ళ వేసుకోకపోతే నిద్ర రాదు, వేసుకుంటే పొద్దున తలంతా దిమ్ముగా ఉంటుంది. డాక్టరు దగ్గర కషాయం మాట ఎత్తదు, అత్తగారి దగ్గర బిళ్ళ మాట ఎత్తదు. రెండు పడవల మీద చెరో కాలూ వేసి నెట్టుకొస్తోంది. ఏ పడవా ఇంతవరకూ ఒడ్డుకు చేర్చలేదు, అలాగని పూర్తిగా ముంచనూ లేదు.

ఈ ఒళ్ళునొప్పులకు చాలాకాలం పేరే లేదు. రక్తం తీశారు, ఎక్స్‌రేలు తీశారు, అన్నీ నిక్షేపంగా ఉన్నాయన్నారు. “మరింకేం, సంతోషించక!” అన్నాడు భర్త, నిజంగానే సంతోషించి. ఆ రోజు ఆమె స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. చివరికి ఒక డాక్టరమ్మ అక్కడా ఇక్కడా వేలితో నొక్కి చూసి ఫైబ్రోమయాల్జియా అని తేల్చింది. ప్రాణం తీసేది కాదు, పూర్తిగా పోయేదీ కాదు, సర్దుకుపోవాలి అంది. రోజూ కాస్త నడవమంది, వేళకు పడుకోమంది, భుజాలకు కుదుపులు తగలనివ్వొద్దంది. భర్తకు ఆ పేరు నోరు తిరగలేదు. “ఆ నీ నొప్పి” అంటాడు ఇప్పటికీ, దూరపు చుట్టం పేరు మరిచిపోయినవాడిలా.

కుదుపులు తగలనివ్వొద్దని చెప్పడం తేలికే. ఆమె పనిచేసేది ఒక పెద్ద హోటలు అడుగున, కిటికీలు లేని లాండ్రీలో. పైన గదుల్లో ఎవరెవరో పడుకుని లేచిన దుప్పట్లు ఇక్కడ ఉతికి, ఆరబెట్టి, వేడి రోలర్ల మధ్యకు తోస్తారు. అవి ఇస్త్రీ అయి ఇవతలికి వస్తాయి. ఒక్కో బల్లకు ఇద్దరు మనుషులు. చెరో రెండు కొసలూ పట్టుకుని, ఒక్కసారి గట్టిగా దులిపి, మడతపెట్టాలి. దులిపినప్పుడల్లా ఫట్‌మని చప్పుడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ హాలంతా అదే మోత.

అంత ఉక్కలోనూ నిండుచేతుల స్వెట్టరు విప్పదు కాబట్టి ఆమెకు ఆ పేరు వచ్చింది. అడిగినవాళ్ళతో “ఒంటి తత్త్వం” అంటుంది. నొప్పి సంగతి అక్కడ ఎవరికీ తెలియదు, తెలియకూడదు. నడుం పట్టేసిందని చెప్పుకున్న ఉతుకు సెక్షనావిడతో సూపర్‌వైజరు ఎంతో జాలిగా “ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమ్మా” అన్నాడు. ఆ విశ్రాంతి ఇంకా పూర్తి కాలేదు.

చప్పుడు లేనిది ఒక్క వీళ్ళ బల్ల దగ్గరే. అవతలి కొసలు పట్టుకునేది పెద్దక్క. వెడల్పాటి భుజాలు, పొదుపైన మాట, ఎప్పుడూ పెదవులు బిగించి తీసే ఏదో కూనిరాగం. పెద్దక్క దుప్పటి దులపదు. కొసలు పట్టుకుని మెల్లగా నడిచివచ్చి ఈమె చేతుల్లో పెడుతుంది. ముడతలుంటే బల్ల మీద పరిచి అరచేత్తో సాపు చేస్తుంది. జతపడిన మొదటి రోజు నుంచీ అంతే. ఎందుకని ఈమె అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఆ ఆలస్యం పూడ్చుకోవాలి గనక ఇద్దరూ కలిసి టీకి వెళ్ళరు, వంతులు వేసుకుంటారు. ఆ వంతు స్వెట్టరమ్మకు వరం. పెద్దక్క అటు వెళ్ళగానే, బల్లకు తన వైపున్న అడుగు అరలోంచి, ఇంటి నుంచి తెచ్చి దాచుకున్న ఉప్పుమూట తీసి రోలరు పక్కనున్న రేకు మీద పెడుతుంది. కాలాక స్వెట్టరు కింద భుజానికి దోపుకుంటుంది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. ఒక్కోసారి అనుమానం వస్తుంది, తన నొప్పి తెలిసే పెద్దక్క అలా నడిచి వస్తోందేమోనని. జాలి పడుతోందేమోనని కాస్త రోషం కూడా.

ఆ పెద్దక్కకు ఇక్కడ ఈ రోజే ఆఖరు. కూతురికి బిడ్డ పుట్టాడు, చూసుకోడానికి వెళ్ళిపోతోంది. రేపటి నుంచి అవతలి కొసన ఎవరు, ఎలాంటి చేతులు? వారం రోజులుగా స్వెట్టరమ్మకు ఇదే బెంగ.

భోజనాలయ్యాక సూపర్‌వైజరు ఆ జవాబును వెంటబెట్టుకొచ్చాడు. తువ్వాళ్ళ బల్ల మనిషి, అందరూ గాలివాన అంటారు. పేరు ఊరికే రాలేదు. మనసు వెన్న, చేతులు ఇనుము.

“వదినా, ఇక నువ్వూ నేనూ! చూస్కో, గుట్టలు గుట్టలు మడిచేద్దాం,” అంటూ కొసలు అందుకుని ఒక్క దులుపు దులిపింది.

ఫట్.

మణికట్టు నుంచి మెడ దాకా లోపలి నరాన్ని ఎవరో పట్టి గుంజినట్టయింది. స్వెట్టరమ్మ నవ్వింది. నొప్పి వచ్చినప్పుడు నవ్వడం ఆమెకు అలవాటైపోయింది.

“అమ్మాయీ, ఈ బల్ల మీద దులపరు,” అంది పెద్దక్క. “కొసలు పట్టుకుని నడిచి రావాలి.”

“అదేం నడకక్కా, పసిపిల్లను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు!”

“పాత దుప్పట్లు. దులిపితే అంచులు చిరుగుతాయి.”

సూపర్‌వైజరు ఒక అంచు పట్టుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. “శుభ్రంగానే ఉన్నాయి కదా. చిరిగితే నేను చూసుకుంటాలే పెద్దక్కా. మీ బల్ల ఇన్నాళ్ళూ నిద్రపోయింది, ఇకనైనా లేవనీ. ఏమ్మా స్వెట్టరమ్మా, నీకేమన్నా ఇబ్బందా?”

అడగనే అడిగాడు. అవునన్న మాట గొంతు దాకా వచ్చింది. దాని వెనకే ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్న ఉతుకు సెక్షనావిడ మెదిలింది. చెబితే పని పోతుంది, చెప్పకపోతే భుజాలు పోతాయి. పెద్దక్క కూడా రెప్పవేయకుండా ఆమెనే చూస్తోంది, ఆ జవాబు తనకే కావాలన్నట్టు.

“నాకేం ఇబ్బందండీ,” అంది.

పెద్దక్క కళ్ళు దించుకుంది. కాసేపటికి కూనిరాగం మళ్ళీ మొదలైంది.

సాయంత్రం టీ వేళకు పెద్దక్క “నువ్వెళ్ళిరా, ఈ పిల్లనీ తీసుకెళ్ళు, నేను బల్ల చూస్తా” అంది, ఎప్పటిలాగే. వాళ్ళు తిరిగొచ్చాక, బస్సు అందుకోవాలని సూపర్‌వైజరుకు చెప్పి బయల్దేరింది. పోతూ పోతూ ఒక దుప్పటి మాత్రం ఇద్దరూ తమ పద్ధతిలోనే మడిచారు. పెద్దక్క నడిచివచ్చి కొసలు అందించి, చేతులు వెంటనే వదల్లేదు. ఆవిడ అరచేతులు వేడిగా ఉన్నాయి. రోలరు దగ్గర నిలబడ్డందుకేమో అనుకుంది స్వెట్టరమ్మ.

“చేతులు చల్లబడనియ్యకు,” అంది పెద్దక్క.

నీకు తెలుసా అని అడగబోయింది. అడిగితే ఒప్పుకున్నట్టే.

“మనవడు జాగ్రత్తక్కా,” అని ఊరుకుంది.

పెద్దక్క తల ఊపి, సంచీ మోచేతికి తగిలించుకుని మెట్లెక్కింది. ఒక్కో మెట్టు మీదా ఆగుతూ ఎక్కింది. రోజూ తనే ముందు ఇంటికి బయల్దేరేది గనక, ఆవిడ మెట్లెక్కడం స్వెట్టరమ్మ ఎన్నడూ చూడలేదు.

గాలివాన కొత్త మోపు తేవడానికి రోలర్ల వైపు వెళ్ళింది. ఈలోగా ఆమెకు చోటు సర్దుదామని స్వెట్టరమ్మ పెద్దక్క వైపు బల్ల తుడిచింది. అటువైపు రావలసిన పని ఇన్నేళ్ళలో పడలేదు. అడుగు అరలో చింపిరి గుడ్డలు కుక్కి ఉన్నాయి. తీయబోతే వాటి వెనక చేతికి వెచ్చగా తగిలింది.

ఉప్పుమూట. చిరిగిన దిండుగలీబుతో కుట్టింది, సరిగ్గా భుజం వంపుకు సరిపడేంత. పక్కనే ఖాళీ అయిన బిళ్ళల రేకు. అత్తగారికి కనపడకుండా తను రాత్రిళ్ళు మింగే బిళ్ళే.

స్వెట్టరమ్మ స్టూలు మీద కూలబడింది. టీ వంతులు గుర్తొచ్చాయి. కూనిరాగం గుర్తొచ్చింది. అది పాట కాదు, మూలుగు. తన కోసం నడిచి వస్తోందనుకున్న మనిషి ఆవిడ సొంత భుజాల కోసమే నడిచింది, లేకపోతే ఇద్దరి కోసమూనేమో. ఇక ఆ భుజాలతోనే పసివాణ్ణి ఎత్తుకోవాలి. మధ్యాహ్నం తను ఒక్క మాట అనుంటే ఆవిడా అనేదేమో. ఒకరైతే ఇంటికి పంపించేస్తారు, ఇద్దరైతే కనీసం ఆలోచిస్తారు. ఒకే దుప్పటికి చెరో కొసన నిలబడి ఇన్నేళ్ళూ ఒకరి నుంచి ఒకరు దాచుకున్నారు. ఏడుపు వచ్చింది, దాంతోపాటే సిగ్గూ వచ్చింది. పరిగెత్తి పిలుద్దామనిపించింది. బస్సు కదిలిపోయి ఉంటుంది, తనవి పరిగెత్తే కాళ్ళూ కావు. మూట మరిచిపోయిందో, కావాలనే వదిలిందో కూడా ఇక తెలియదు. దాన్ని మళ్ళీ గుడ్డల వెనకే పెట్టింది.

“వదినా, రా రా, ఇదొక్క మోపూ లాగించేద్దాం!” గాలివాన పెద్దక్క చోట నిలబడి కొసలు విసిరింది.

స్వెట్టరమ్మ తన వైపుకు వచ్చి అందుకుంది. “మెల్లగా...” అంది.

“ఏంటొదినా?”

రోలర్ల దగ్గర నుంచి సూపర్‌వైజరు ఇటే చూస్తున్నాడు.

“ఏం లేదు. కానియ్యి.”

ఫట్.

అవతలి కొసన, అడుగు అరలో, పెద్దక్క ఉప్పుమూట ఇంకా వెచ్చగానే ఉంది.